కిలోబైటు కంప్యూటర్‌కి కొండంత సాహిత్యం

పావుకు వర్గమూలం ఎంత? హైస్కూలు పిల్లలెవరైనా అర అని ఠక్కున చెప్పేస్తారు. 1981లో ఇంగ్లండులో అమ్మకానికొచ్చిన ఒక కంప్యూటర్ మాత్రం 1.3591409 అని చెప్పింది. దాని పేరు జెడ్ఎక్స్81. మొదటి విడతల్లో అమ్ముడైన కొన్ని యంత్రాల్లో ఈ తప్పు దొర్లింది. తర్వాత దిద్దారు గానీ, ఈలోపు సంగతి నలుగురి నోళ్ళలో పడనే పడింది.

అయినా జనం ఎగబడి కొన్నారు. కారణం ధర. విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లో సోల్డరింగ్ చేసుకుంటే 49 పౌండ్ల 95 పెన్నీలు, బిగించి ఇస్తే 69 పౌండ్ల 95 పెన్నీలు. అంతకు ఏడాది ముందే క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ జెడ్ఎక్స్80 అనే యంత్రాన్ని 99.95 పౌండ్లకు అమ్మి, బ్రిటన్‌లో వంద పౌండ్ల లోపు దొరికే తొలి రెడీమేడ్ కంప్యూటర్ అనిపించుకుంది. ఆ రికార్డును ఇప్పుడు తానే బద్దలు కొట్టింది. జెడ్ఎక్స్81లో ఉన్నవి నాలుగే నాలుగు చిప్‌లు. కీబోర్డు మీద కదిలే మీటలుండవు, ప్లాస్టిక్ పొర మీద అచ్చేసిన గళ్ళుంటాయి. తెర కావాలంటే ఇంట్లో టీవీ, ప్రోగ్రామ్ దాచుకోవాలంటే పాటలు వినే క్యాసెట్ రికార్డర్. అలాంటిది పదిహేను లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

మెమరీ ఒక్క కిలోబైటు, అంటే 1024 బైట్లు. ఇవాళ్టి ఫోనుల్లో తెలుగు రాస్తే ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి. ఆ లెక్కన 341 గుర్తులు దాటితే డబ్బా నిండిపోయినట్టే. మీరు ఇప్పటిదాకా చదివిన ఈ మూడు పేరాలు అందులో పట్టవు.

ఇంత ఇరుకు యంత్రాన్ని ఇంటికి తెచ్చుకున్నవాడికి మర్నాటికల్లా ఒకటే ప్రశ్న: సరే, దీంతో ఇప్పుడేం చెయ్యాలి? ఆ ప్రశ్నకు జవాబులు అమ్ముకుని బతికిన చిన్న చిన్న ప్రచురణకర్తలు డజన్లకొద్దీ పుట్టుకొచ్చారు. పుస్తకాలు, క్యాసెట్లు, పత్రికలు, ఆఖరికి గ్రామఫోను రికార్డులు కూడా వేశారు. ఆ యంత్రం పేరుమీద చెప్పుకునే ఘనతల్లో సగానికి పైగా నిజానికి వీళ్ళవేనని నా నమ్మకం.

కంప్యూటర్లకు ముందు పుస్తకాలు

అన్నట్టు, సింక్లెయిర్ కూడా ఈ బాపతు మనిషే. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆయన లండన్‌లోని బెర్నార్డ్స్ పబ్లిషింగ్ అనే చిన్న సంస్థకు రాసేవాడు. ఇంట్లో కూర్చుని రేడియోలు బిగించుకునే ఔత్సాహికుల కోసం చవక పుస్తకాలు వేయడం ఆ సంస్థ పని. ట్రాన్సిస్టర్ రేడియోల తయారీ మీద ఆయన తొలి పుస్తకం 1959 జనవరిలో వచ్చి పలుమార్లు పునర్ముద్రణ పొందింది. మొత్తం పదమూడు పుస్తకాలు వాళ్ళకే రాశాడు. ఔత్సాహికుడి జేబులో ఎంత ఉంటుందో, అతనికి ఎంత ఓపిక ఉంటుందో ఈయనకు కంప్యూటర్లు చేయకముందే తెలుసు. పోస్టులో డబ్బు పంపితే పోస్టులో సరుకు వస్తుందన్న వ్యాపారం కూడా ఆ లోకం నుంచి వచ్చిందే.

ఆయన యంత్రం మీద బతికిన ప్రచురణకర్తల్లో అందరికంటే వేగంగా కదిలినది మెల్‌బోర్న్ హౌస్. ఆల్ఫ్రెడ్ మిల్‌గ్రోమ్, నవోమి బేసెన్ దంపతులు నడిపిన చిన్న సంస్థ. జెడ్ఎక్స్80 బజారులోకి వచ్చిన 1980లోనే, ఒక్క కిలోబైటులో పట్టే ముప్పై ప్రోగ్రాముల పుస్తకం ఒకటి తెచ్చేశారు. అది బాగా అమ్ముడైంది. ఆ ఊపులో ఆస్ట్రేలియాలో బీమ్ సాఫ్ట్‌వేర్ అనే ప్రోగ్రాముల తయారీ విభాగం పెట్టారు. 1982లో అక్కణ్ణుంచి వచ్చిన ‘ది హాబిట్’ ఆటను మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థులు వెరోనికా మెగ్లర్, ఫిలిప్ మిచెల్ రాశారు. ఆటలో చిక్కుముడులు విప్పాలంటే కథ తెలియాలి కాబట్టి, డబ్బాలో క్యాసెట్‌తో పాటు టోల్కీన్ నవల కూడా పెట్టి అమ్మారు. పుస్తకాల వ్యాపారి ఆటలు అమ్మితే ఇలాగే ఉంటుంది మరి.

ఇంకొకాయన టిమ్ హార్ట్‌నెల్, ఆస్ట్రేలియా నుంచి లండన్ వచ్చిన పాత్రికేయుడు. ఈ యంత్రాలు కొన్నవాళ్ళకి ఒక జాతీయ క్లబ్బు పెట్టాడు, దానికి ‘ఇంటర్‌ఫేస్’ అనే పత్రిక నడిపాడు, అదే పేరుతో ప్రచురణ సంస్థ పెట్టి తన పుస్తకాలూ ఇతరుల పుస్తకాలూ వరసగా వేశాడు. క్లబ్బు సభ్యులే రచయితలు, రచయితలే కొనుగోలుదారులు. మన చిన్న పత్రికల లోకం తెలిసినవాళ్ళకి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. ఆయన 1991లో, చిన్న వయసులోనే కన్నుమూశాడు.

సున్నాకి ఏడు బైట్లు

ఈ పుస్తకాల్లో ఏముండేదో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. జెడ్ఎక్స్81లో బేసిక్ భాషలో ఒక ప్రోగ్రామ్ రాస్తూ సున్నా అని టైపు చేశారనుకోండి. కంటికి కనిపించేది ఒక్క అంకె, మెమరీలో ఒక్క బైటు. కానీ ఆ అంకె వెనకాల యంత్రం గుట్టుగా ఇంకో ఆరు బైట్లు వాడుకుంటుంది: ‘ఇక్కడొక సంఖ్య ఉంది’ అని చెప్పే గుర్తు ఒకటి, లెక్కలకు పనికొచ్చే రూపంలో ఆ సంఖ్యను రాసుకోవడానికి ఐదు. సున్నాకి మొత్తం ఏడు బైట్ల ఖర్చు!

యంత్రం సొంత అవసరాలకే మొదటి 125 బైట్లు పోతాయి. తెర మీద అక్షరాలు చూపించాలంటే దానికీ అదే మెమరీలోంచి తీయాలి. తెర నిండా రాస్తే 793 బైట్లు హరీమంటాయి. ఇక ప్రోగ్రామ్‌కి మిగిలేది అంతంత మాత్రం. అందుకని ఆనాటి పుస్తకాలు ఒక పిసినారి విద్య నేర్పాయి. సున్నాకి బదులు ‘నాట్ పై’ అని రాయమన్నాయి. పై విలువ మూడుకి పైచిలుకు, అంటే సున్నా కాదు. దానికి ‘కాదు’ అని తిరగేసే ‘నాట్’ తగిలిస్తే వచ్చేది సున్నాయే. ఒకటి కావాలంటే ‘పై’ ధనసంఖ్యా రుణసంఖ్యా అని అడిగే ఫంక్షన్ వాడాలి. మూడు కావాలంటే ‘పై’లో దశాంశం కొట్టెయ్యాలి. ఈ యంత్రంలో ఒక్కో ఆదేశం మొత్తం ఒకే మీటతో పడిపోతుంది, మెమరీలోనూ ఒకే బైటులో కూర్చుంటుంది. అందుకని ‘నాట్ పై’ రెండే బైట్లు. సున్నా సున్నాకీ ఐదు బైట్లు ఆదా.

ఇంత పిసినారితనంలో జగజ్జేత ఎవరంటే డేవిడ్ హార్న్. 1982లో ఆయన చదరంగం ఆడే ప్రోగ్రామ్‌ను 672 బైట్లలో ఇరికించాడు. అది బేసిక్ కూడా కాదు, నేరుగా ప్రాసెసర్ భాష. బోర్డు, పావులు, ఎత్తుల నియమాలు, ఎదుటివాడి ఎత్తు చూసి తన ఎత్తు వేసే బుద్ధి అన్నీ అందులోనే. క్యాస్లింగ్ లాంటి రెండు మూడు ప్రత్యేక నియమాలు వదిలేశాడు. ఆట గొప్పగా ఆడదు, నిజమే. కానీ ఆడుతుంది. 1983 తొలినాళ్ళలో ‘యువర్ కంప్యూటర్’ పత్రిక ఆ కోడ్‌ను వివరణతో సహా అచ్చేసింది. ప్రపంచంలోకెల్లా అతి చిన్న చదరంగం ప్రోగ్రామ్ అన్న పేరు దానికి మూడు దశాబ్దాల పైగా చెక్కుచెదరలేదు. 2015లో 487 బైట్ల ‘బూట్‌చెస్’ వచ్చి దాన్ని దించింది. అన్ని రికార్డుల్లోకీ నాకు నచ్చినది ఇదే. అతి వేగం, అతి పెద్దది అన్నవి డబ్బుంటే వస్తాయి. ఇది డబ్బుతో వచ్చేది కాదు.

ఇలాంటి కోడ్ అచ్చువేయడం ప్రచురణకర్తకి ప్రాణసంకటం. కంపోజింగులో ఒక్క చుక్క జారిపోయినా ప్రోగ్రామ్ నడవదు. పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తారు. అందుకని చాలామంది సింక్లెయిర్ ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితాన్నే ఫొటో తీసి పేజీలో అతికించేవారు. ఆ ప్రింటరూ ఒక వింతే. దానికి సిరా లేదు. వెండిరంగు పూతపూసిన నాలుగంగుళాల వెడల్పు కాగితం మీద నిప్పురవ్వలు కొట్టి, పూతను కాల్చి అక్షరాలు వేస్తుంది. అచ్చులో అవి అలుక్కుపోయి, ఏది సున్నాయో ఏది ‘ఓ’ అక్షరమో తెలియక పిల్లలు కళ్ళు చికిలించుకునేవారు.

చీకటి సందుల్లో రాక్షసబల్లి

ఒక కిలోబైటు చాలనివాళ్ళకి 16 కిలోబైట్ల ర్యామ్‌ప్యాక్ అని విడిగా అమ్మేవారు. యంత్రం వీపున తగిలించుకోవాలి. కీబోర్డు కాస్త గట్టిగా నొక్కితే అది ఊగుతుంది. ఊగితే అరగంట కష్టపడి టైపు చేసిన ప్రోగ్రామ్ గాల్లో కలిసిపోతుంది. జిగురుముద్దలు, టేపులు, రబ్బరు బ్యాండ్లు పెట్టి జనం దాన్ని నిలబెట్టుకున్నారు.

ఆ ర్యామ్‌ప్యాక్ కొనడానికి ఒక మంచి కారణం ఇచ్చినది జె.కె. గ్రే సాఫ్ట్‌వేర్ అనే బుల్లి ప్రచురణ సంస్థ. 1982లో వాళ్ళు వేసిన ‘త్రీడీ మాన్‌స్టర్ మేజ్’ను రాసినవాడు మాల్కమ్ ఎవాన్స్. ఆయనకి జెడ్ఎక్స్81 భార్య ఇచ్చిన పుట్టినరోజు కానుక. యంత్రం సత్తా ఏపాటిదో చూద్దామని మొదలుపెట్టి, ఆట పూర్తిచేశాడు. నలుపు తెలుపు గళ్ళతో కట్టిన చీకటి సందుల్లో మీరు నడుస్తుంటారు, ఎక్కడో ఒక రాక్షసబల్లి మీకోసం తిరుగుతుంటుంది. అది దగ్గరపడేకొద్దీ తెర అడుగున హెచ్చరికలు మారుతుంటాయి. శబ్దం లేదు, ఎందుకంటే యంత్రానికి స్పీకరే లేదు! అయినా పిల్లలు జడుసుకున్నారు. ఇంటి కంప్యూటర్ మీద వచ్చిన మొట్టమొదటి త్రీడీ ఆట ఇదేనని చాలామంది రాస్తారు. మొదటివాటిలో ఒకటి అంటే ఎవరితోనూ తగువుండదు.

జూలై 22న మాత్రమే దొరికే బహుమతి

అందరిలోకీ వింత మనుషులెవరంటే పోర్ట్స్‌మత్‌లోని ఆటోమాటా వాళ్ళు. మెల్ క్రౌచర్, క్రిస్టియన్ పెన్‌ఫోల్డ్ అనే ఇద్దరి సంస్థ. శత్రువుల్ని కాల్చి చంపే ఆటలు వేయం అని ఒట్టుపెట్టుకున్నారు. పెద్ద ముక్కు పైమాన్ అనే బొమ్మతో ఒక వారపత్రిక వెనక అట్టమీద కార్టూన్ కథనే తమ ప్రకటనగా నడిపారు.

1982లో వీళ్ళు ‘పైమేనియా’ అనే ఆట వేశారు. ఆటలోకి అడుగుపెట్టడమే మొదటి పరీక్ష. ఒక ‘కీ’ తాళం తీస్తుందని తెర మీద సూచన వస్తుంది. తాళంచెవి కోసం వెతుకుతూ ఎంతమంది ఎన్ని మాటలు టైపు చేశారో! వాళ్ళడిగినది కీబోర్డు మీదున్న ‘పై’ మీట. లోపలికెళ్ళాక ఎటు వెళ్ళాలన్నా తూర్పు పడమరలు పనిచేయవు, గడియారంలోని అంకెలతో దిక్కు చెప్పాలి. ఈ చిక్కులన్నీ విప్పినవాళ్ళకి నిజమైన బహుమతి పెట్టారు: ఆరువేల పౌండ్ల విలువచేసే బంగారు నీడగడియారం. ఏ రోజు, ఏ చోట నిలబడితే అది దక్కుతుందో ఆటలోని సూచనల్లోంచి తేల్చుకోవాలి.

మూడేళ్ళు జనం వెతికారు. చివరికి 1985లో ఇద్దరు మహిళలు ఇంగ్లండు దక్షిణాన ఈస్ట్ ససెక్స్‌లోని హిండోవర్ కొండ దగ్గరికి చేరారు. అక్కడ కొండవాలు మీద పచ్చిక చెక్కి, సుద్దరాయి బయటపడేలా దిద్దిన తెల్లగుర్రం బొమ్మ ఉంది. వాళ్ళు వెళ్ళిన తేదీ జూలై 22. ఇరవైరెండు బై ఏడు! బడిలో మనందరం బట్టీపట్టిన ‘పై’ విలువే తేదీ అయింది. కంప్యూటర్ ఆట పరిష్కారం కోసం మనుషులు ఇల్లు వదిలి కొండలెక్కిన సందర్భాల్లో ఇది తొలి వరసలోది.

వీళ్ళ మరో సాహసం 1984లో వచ్చిన ‘డ్యూస్ ఎక్స్ మాకినా’. కంప్యూటర్‌లో ఒక క్యాసెట్, పక్కన టేప్ రికార్డర్‌లో ఇంకో క్యాసెట్. రెండూ ఒకే క్షణాన మొదలుపెడితే తెర మీద ఆటకి అటునుంచి పాటలూ సంభాషణలూ కలుస్తాయి. బ్రిటిష్ టీవీ, పాప్ సంగీతంలో పేరున్న జాన్ పెర్ట్వీ, ఇయన్ డ్యూరీలు గొంతులిచ్చారు. ఆ ఏటి మేటి ప్రోగ్రామ్‌గా బహుమతీ వచ్చింది. డబ్బులు మాత్రం రాలేదు. ఆటలు ఐదారు పౌండ్లకు దొరికే రోజుల్లో పదిహేను పౌండ్లు పెట్టి కొనేవాళ్ళు తక్కువ.

రికార్డు మీదా, రేడియోలోనూ

క్యాసెట్‌లో ప్రోగ్రామ్ అంటే ఉత్త శబ్దమే; వింటే చెవులు గింగుర్లెత్తే కీచు. శబ్దమే అయినప్పుడు క్యాసెట్టే ఎందుకు, గ్రామఫోను రికార్డు పనికిరాదా? 1983లో క్రిస్ సీవీ అనే గాయకుడు ‘కామఫ్లాజ్’ అనే పాట రికార్డు వేసి, వెనకవైపున జెడ్ఎక్స్81 ప్రోగ్రాములు ఎక్కించాడు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి పాటతో పాటు నడిపితే, తెర మీద బొమ్మలు ఆడతాయి. అదే ఏడు పీట్ షెల్లీ అనే మరో గాయకుడు తన ‘ఎక్స్ఎల్1’ ఆల్బమ్‌లో సింక్లెయిర్ తర్వాతి యంత్రమైన స్పెక్ట్రమ్‌కు ఇలాంటిదే జోడించాడు.

యుగోస్లావియాలో ఇంకో అడుగు ముందుకేశారు. రేడియో బెల్‌గ్రేడ్‌లో జోరన్ మోడ్లీ అనే వ్యాఖ్యాత 1983 నుంచి తన ‘వెంటిలేటర్ 202’ కార్యక్రమంలో కంప్యూటర్ ప్రోగ్రాముల కీచుల్ని నేరుగా ప్రసారం చేశాడు. శ్రోతలు రికార్డు చేసుకుని తమ యంత్రాల్లో ఎక్కించుకునేవారు. అలా నూట యాభై దాకా ప్రోగ్రాములు గాల్లో ప్రయాణించాయి. కంప్యూటర్ లేని శ్రోతల ఓర్పుకు కూడా ఏదో ఒక రికార్డు ఇవ్వాలి.

ఖాళీగా వదిలిన 1170 బైట్లు

1982 ఏప్రిల్ 23న రంగులతో, 16 లేదా 48 కిలోబైట్ల మెమరీతో జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ వచ్చింది. ఇది యాభై లక్షల పైన అమ్ముడైంది. దాని చుట్టూ పుట్టిన పుస్తకాల్లో నా లెక్కన అత్యంత మొండిపని ఇయన్ లోగన్, ఫ్రాంక్ ఓహారా చేసినది. లోగన్ వృత్తిరీత్యా వైద్యుడు. స్పెక్ట్రమ్ లోపల చిప్‌లో చెరగకుండా రాసిపెట్టిన 16 కిలోబైట్ల కోడ్ మొత్తాన్ని, ఏ బైటు ఏం చేస్తుందో వివరిస్తూ వీళ్ళు పుస్తకంగా తెచ్చారు. 1983లో వేసినవాళ్ళు మళ్ళీ ఆ మెల్‌బోర్న్ హౌసే. ఆ కోడ్ చివరి దాకా వెళితే ఒక వింత కనిపిస్తుంది: 1170 బైట్లు ఖాళీ! ఆ కోడ్ రాసిన ప్రోగ్రామర్లు అనుకున్నదంతా పూర్తికాకముందే యంత్రం బజారుకెక్కేసింది. అటు 1 కిలోబైటు కోసం పాఠకులు బైటు బైటుకీ కటకటలాడుతుంటే, కంపెనీ వెయ్యి పైచిలుకు బైట్లు వాడకుండా వదిలేసింది.

పదకొండేళ్ళు ఆలస్యమైన సంచిక

ఈ యంత్రాల కోసం వచ్చిన పత్రికల్లో ‘క్రాష్’ది పెద్ద పేరు. లడ్లో అనే చిన్న ఊళ్ళో పోస్టులో ఆటలమ్మే క్యాటలాగ్‌గా పుట్టి, 1984 ఫిబ్రవరిలో పత్రికగా మారింది. రెండేళ్ళలో నెలకు లక్ష ప్రతులు దాటింది. 1985లో పోటీ పత్రిక ‘సింక్లెయిర్ యూజర్’ను వెక్కిరిస్తూ కొన్ని పేజీలు వేసేసరికి వ్యవహారం కోర్టుకెక్కింది. అమ్ముడుపోని ప్రతుల్లోంచి ఆ పేజీలు తీసేయాల్సొచ్చింది. పేజీలు ఉన్న ప్రతులకి సేకర్తల దగ్గర ఉండే మోజు వేరు.

‘యువర్ సింక్లెయిర్’ పత్రిక 1993 సెప్టెంబరులో 93వ సంచికతో వీడ్కోలు చెప్పింది. 94వ సంచిక 2004 నవంబరులో వచ్చింది! మరో పత్రికతో పాటు ప్రత్యేక అనుబంధంగా, పాత వరస సంఖ్యతోనే వేశారు. 1992లో ఆగిన ‘క్రాష్’ను అభిమానుల ముందస్తు చందాలతో మొదట వార్షిక సంచికగా, ఆపైన చిన్న సైజు పత్రికగా మళ్ళీ తెచ్చారు. క్రోనోసాఫ్ట్ అనే బుల్లి సంస్థ 2000ల మొదట్లో పుట్టి, ఈ పాత యంత్రాలకు కొత్త ఆటలు క్యాసెట్ల మీదే అమ్మింది. సింక్లెయిర్ కంప్యూటర్ల వ్యాపారాన్ని 1986లో కేవలం యాభై లక్షల పౌండ్లకు కొనేసిన ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ ఆ యంత్రాలు చేయడం మానేసి చాలా కాలమైంది. యంత్రం చేసినవాళ్ళు మానేసినా, దానికి పుస్తకాలు వేసేవాళ్ళు మానలేదు.

మన దేశానికీ ఇందులో చిన్న వాటా ఉంది. 1986 ప్రాంతంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ లైసెన్సు తీసుకుని ‘డీబీ స్పెక్ట్రమ్ ప్లస్’ పేరుతో ఇదే యంత్రాన్ని ఇక్కడ అమ్మింది. 1990 దాకా కొన్ని వేలు పోయాయి. అదే దశకంలో కేంద్ర ప్రభుత్వపు ‘క్లాస్’ పథకం కింద కొన్ని బడులకు ఇంగ్లండు నుంచే వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు చేరాయి. ఆ రోజుల నాటి క్యాసెట్లు, మాన్యువళ్ళు, చేతిరాతలో ప్రోగ్రాములు ఎక్కించుకున్న నోటుపుస్తకాలు ఎన్నో ఇళ్ళల్లో ఉండే ఉంటాయి.

మీ ఇంట్లో గనక ఉంటే పాతసామాన్ల వాడికి వేయకండి. క్యాసెట్ టేపు మీది పూత ఏటికేడు రాలిపోతుంది. ఒక్కసారి బాగా పనిచేసే ప్లేయర్‌లో పెట్టి, హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి కంప్యూటర్‌కి వైరు కలిపి, ఆ కీచుల్ని కుదించని ఆడియో ఫైలుగా దాచండి. క్యాసెట్ అట్టనూ రెండువైపులా ఫొటో తీయండి. ప్రచురణకర్త పేరు, చిరునామా, ధర చాలాసార్లు ఉండేది అక్కడే.